దెబ్బతిన్న పాత వాచీకి లక్షలు పోయొచ్చా? చేతిలోకి తీసుకుని తేల్చుకునే పద్ధతి

2019 డిసెంబరులో న్యూయార్కులో ఫిలిప్స్ వేలం సంస్థ ఒక రోలెక్స్ జీఎంటీ-మాస్టర్ అమ్మింది. దానికి బెజెల్ లేదు. అంటే డయల్ చుట్టూ 24 గంటల అంకెలతో తిరిగే రింగు, ఆ మోడల్‌ని దూరం నుంచే గుర్తుపట్టించే రింగు, మొత్తానికి ఊడబీకేసి ఉంది. వెనక మూత మీద చేత్తో గీకిన పేరొకటి. మామూలుగా అయితే ఏ డీలరైనా పెదవి విరిచే వాచీ. పోయింది మాత్రం 19,52,000 డాలర్లకు. ఎందుకంటే అది 'అపోకలిప్స్ నౌ' సినిమాలో మార్లన్ బ్రాండో చేతికి ఉన్న వాచీ. మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తోందని షూటింగ్‌లో అంటే బెజెల్ పీకేసింది ఆయనే, వెనకాల పేరు గీక్కున్నదీ ఆయనే.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా రెండు ప్రశ్నలు వస్తాయి. పాడైన వాచీకి అంత డబ్బు ఎందుకు పోస్తారు? మన బీరువాలో ఉన్నదానికి కూడా ఏమైనా వస్తుందా? మొదటిదానికి జవాబు తెలిస్తే రెండోది మీరే తేల్చుకోవచ్చు.

దెబ్బకి ఎవరూ డబ్బివ్వరు. ఆ వాచీ మీద ఎవరూ చెయ్యి పెట్టలేదన్నదానికి ఇస్తారు. గీతలు, వెలిసిన రంగు, గోధుమ రంగుకి తిరిగిన డయల్, ఇవన్నీ "ఇది ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఉన్న ముక్కలే ఇప్పుడూ ఉన్నాయి" అనడానికి సాక్ష్యాలు. ఒకప్పుడు కలెక్టర్లు కూడా పాత వాచీ కొనగానే పాలిష్ పెట్టించి, డయల్ కొత్తగా రాయించి, తళతళలాడించి పెట్టుకునేవాళ్ళు. తర్వాత తర్వాత తెలిసొచ్చింది, అలా మెరిపించినవి కావలసినన్ని ఉన్నాయి, ముట్టనివి మాత్రం రోజురోజుకీ తగ్గిపోతున్నాయని. పాలిష్ పెట్టిన ప్రతిసారీ ముట్టని వాచీల్లో ఒకటి తగ్గుతుంది, పెరగడమన్నది ఉండదు. ధర అక్కడి నుంచి వచ్చింది.

కావలసిన సామాను పెద్దగా ఏం లేదు. నగల షాపుల్లో వాడే 10 రెట్ల లూప్ (కంటికి ఆనించి చూసే చిన్న భూతద్దం), చిన్న యూవీ టార్చి, అదే మోడల్‌వి వేలం సంస్థల సైట్లలో ఉండే పెద్ద ఫోటోలు ఓ పది. ఓపిక కూడా.

మొదటి అడుగు: దెబ్బ ఎవరు కొట్టారో తేల్చండి

దెబ్బలన్నీ ఒకటి కావు. ఎండ, వేడి, కాలం కలిసి చేసిన మార్పు ఒక రకం: రంగు వెలవడం, డయల్ గోధుమ రంగుకి తిరగడం, ముళ్ళలోని రేడియం పూత పసుపుపచ్చ కావడం. ఇది చాలాసార్లు ధర తగ్గించదు, కొన్నిసార్లు పెంచుతుంది కూడా. రెండోది వాడకం వల్ల వచ్చేది, అంటే గీతలు, చొట్టలు, అద్దం మీద గాట్లు. దీనివల్ల ధర కొంత తగ్గుతుంది, కొంపలేం మునగవు. మూడోది నీళ్ళు. లోపల తుప్పు పట్టిందంటే గట్టిగా ఆలోచించాలి.

నాలుగోది అన్నిటికన్నా ప్రమాదం: బాగుచేద్దామని మనిషి చేసింది. మళ్ళీ రాయించిన డయల్, మార్చిన ముళ్ళు, అరగదీసిన కేసు (మిషన్‌ని మూసి ఉంచే లోహపు డొప్ప). చిక్కేమిటంటే షాపు అద్దాల వెనక అన్నిటికన్నా అందంగా కనిపించేది ఈ నాలుగో రకమే. పక్కన దుమ్ముకొట్టుకుని, గీతలు పడి, ఎవరూ అడగని వాచీ దాని కన్నా ఎన్నో రెట్లు విలువైనది కావచ్చు. మొదట్లో ఇది మింగుడుపడదు, కానీ ఇది ఒప్పుకోకపోతే ఈ వ్యాపారంలో ఏదీ అర్థం కాదు.

రెండో అడుగు: డయల్ దగ్గరే సగం సమయం గడపండి

పాత వాచీ విలువలో పెద్ద వాటా డయల్‌దే. మిషన్ బాగుచేయించుకోవచ్చు, అద్దం కొత్తది వేయించుకోవచ్చు, 60 ఏళ్ళ కిందటి డయల్ మాత్రం మళ్ళీ తయారుకాదు. అందుకే డయల్ మీద ఉన్న లోపాన్ని చూసి కలెక్టర్లు అంతలా ఎగబడతారు.

అన్నిటికన్నా పేరున్నది ట్రాపికల్ డయల్. 1950ల్లో, 60ల్లో రోలెక్స్, ఒమేగా లాంటి కంపెనీలు వాడిన కొన్ని నల్ల పూతల్లో రసాయన లోపం ఉంది. ఎండకీ వేడికీ నలుపు కాస్తా మెల్లగా కాఫీ రంగుకి, తేనె రంగుకి తిరిగింది. కంపెనీ దృష్టిలో అది లోపమే, సర్వీసుకి వస్తే డయల్ మార్చేసేవాళ్ళు. అలా మారకుండా మిగిలిపోయినవి ఇప్పుడు నల్ల డయల్ వాచీ కన్నా ఎక్కువ పలుకుతాయి. ఒక షరతు, రంగు సమంగా తిరిగి ఉండాలి. ఒక మూల మాత్రమే మచ్చగా ఉంటే అది ట్రాపికల్ కాదు, తడి మచ్చ. అమ్మేవాడు రెండిటినీ ఒకే పేరుతో పిలుస్తాడు, మీరు పిలవకండి.

అలాంటిదే ఇంకొకటి, రోలెక్స్ డేటోనా 16520లో 1990ల నడుమ వచ్చిన కొన్ని నల్ల డయళ్ళు. లోపలి చిన్న డయళ్ళ చుట్టూ ఉన్న వెండి రింగులు వార్నిష్ సరిగ్గా కాపాడకపోవడం వల్ల గోధుమ రంగుకి తిరిగాయి. ఇటలీ వేలందారు ఒస్వాల్డో పాట్రిజీ వీటిని మొదట జనం దృష్టికి తెచ్చాడని పాట్రిజీ డయల్ అనే పేరే స్థిరపడింది. ఫ్యాక్టరీ పొరపాటుకి మనిషి పేరు పెట్టి మరీ అదనపు ధర కడుతున్నారంటే ఈ లోకం ఎలాంటిదో చూడండి. 1980ల రోలెక్స్ మెరుపు డయళ్ళ మీద లక్క పూత సన్నగా పగిలి సాలెగూడులా కనిపించే స్పైడర్ డయల్ సంగతి మాత్రం అందరూ ఒప్పుకోరు. కొందరు ముచ్చటపడతారు, చాలామంది ధర తగ్గించి అడుగుతారు. నన్నడిగితే రెండోవాళ్ళతోనే ఉంటాను, పగుళ్ళు అక్కడితో ఆగుతాయన్న హామీ ఎవరూ ఇవ్వలేరు కాబట్టి.

ఇక మళ్ళీ రాయించిన డయల్‌ని పట్టుకోవడం ఎలాగంటే, లూప్ కింద అక్షరాల అంచులు చూడండి. అసలు ముద్రణ అయితే గీత సన్నగా, అంచు పదునుగా ఉంటుంది. మళ్ళీ రాసినదాంట్లో అక్షరం లావుగా, సిరా కొద్దిగా పాకినట్టుగా ఉంటుంది. నిమిషాల గీతలు గంట గుర్తులతో కచ్చితంగా కలుస్తున్నాయా, తేదీ కిటికీ అంచుల్లోకి రంగు కారిందా, 6 కింద సన్నగా ఉండే "స్విస్" మాట సరైన చోటే ఉందా, అసలు ఉందా? 1960ల నడుమ దాకా వచ్చిన రోలెక్స్ గిల్ట్ డయళ్ళలో బంగారు రంగులో కనిపించే ప్రధాన అక్షరాలు పైన అచ్చు వేసినవి కావు, నల్ల పూత లేని చోట అడుగున ఉన్న ఇత్తడి కనబడుతుంది. అక్షరం ఉబ్బెత్తుగా డయల్ మీద కూర్చుని ఉంటే అనుమానించండి. ఒకటే ఫోటోతో పోల్చి తీర్పు చెప్పకండి, అదే ఏడాది మోడల్‌కి కూడా రెండు మూడు రకాల డయళ్ళు వచ్చిన సందర్భాలున్నాయి.

మూడో అడుగు: రేడియం పూతని ప్రశ్నలడగండి

చీకట్లో వెలిగే పూత ఏదైనా మనవాళ్ళు రేడియం అనే అంటారు. నిజానికి అందులో మూడు తరాలున్నాయి. 1960ల మొదటి దాకా నిజం రేడియమే. తర్వాత 1990ల చివరి దాకా ట్రిటియం, ఆ కాలపు స్విస్ డయళ్ళలో 6 కింద స్విస్ మాట పక్కన "టి" అక్షరం కనిపిస్తుంది. ఆ తర్వాత లూమినోవా, ఇందులో రేడియోధార్మికత లేదు, వెలుతురు పీల్చుకుని వెలుగుతుంది.

దీంతో చిన్న పరీక్ష చెయ్యొచ్చు. యూవీ టార్చి వేసి తీసెయ్యండి. ట్రిటియం కాలపు వాచీ అయితే వెలిగినా కొన్ని క్షణాల్లోనే ఆరిపోతుంది, ఎందుకంటే ట్రిటియం 12.3 ఏళ్ళకి సగమవుతుంది, దాన్ని వెలిగించే జింక్ సల్ఫైడ్ కూడా ఈపాటికి చితికిపోయి ఉంటుంది. 1965 వాచీ అని చెప్పి, టార్చి తీసేశాక కూడా పచ్చగా నిమిషాల తరబడి వెలుగుతూంటే ఎవరో కొత్త పూత పూశారన్నమాట. ముళ్ళలోని పూత రంగు, డయల్ మీది చుక్కల రంగు కూడా ఒకదానితో ఒకటి పొంతన కుదరాలి. డయల్ చుక్కలు బాగా పండిన పసుపులో ఉండి ముళ్ళు పాలతెలుపుగా ఉంటే ముళ్ళు తర్వాత వచ్చినవి.

రేడియం ఉన్న వాచీతో మాత్రం ఆటలొద్దు. రేడియం సగమవడానికి దాదాపు 1,600 ఏళ్ళు పడుతుంది. వెలుగు చచ్చిపోయినంత మాత్రాన రేడియం పోలేదు, వెలిగే పదార్థం పోయింది, అంతే. అద్దం మూసి ఉన్నంతసేపూ పెద్ద భయం లేదు, పొడి రాలి ఊపిరితోనో వేలి కొసతోనో లోపలికి వెళ్తేనే అపాయం. 1920ల్లో అమెరికాలో డయళ్ళకి రేడియం పూసిన అమ్మాయిలు కుంచెని పెదవులతో మొన తేల్చడం వల్లే దవడ ఎముకలు కుళ్ళి చనిపోయారు. అందుకని ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద అలాంటి వాచీ విప్పి, పూత గోకి, ఉఫ్ మని ఊదే పని అసలు పెట్టుకోకండి.

నాలుగో అడుగు: కేసు ఎంత మిగిలిందో చూడండి

గీతలు లెక్కపెట్టకండి, లోహం ఎంత మిగిలిందో చూడండి. పట్టీ తగిలించే నాలుగు కాళ్ళనీ లగ్స్ అంటారు, కథంతా వాటి దగ్గరే తెలుస్తుంది. ముట్టని కేసులో లగ్స్ మందంగా, అంచులు గోటికి తగిలేంత పదునుగా ఉంటాయి. చాలా మోడళ్ళలో అంచు వెంబడి వాలుగా చెక్కిన సన్నటి పట్టీ ఒకటి కూడా ఉంటుంది. రెండు మూడు సార్లు బఫ్ చక్రం మీద పెడితే ఆ వాలు మాయమవుతుంది, కాళ్ళు సన్నబడతాయి, పక్కన పిన్ను రంధ్రాలు అంచుకి జరిగినట్టు కనిపిస్తాయి, చివరికి కేసంతా అరిగిన సబ్బుముక్కలా తయారవుతుంది. నాలుగు లగ్స్‌నీ ఒకదానితో ఒకటి పోల్చండి, ఒకటి సన్నగా ఒకటి లావుగా ఉంటే చేతి పాలిష్ అన్నట్టే.

గీతలున్న కేసుని రేపైనా పాలిష్ చెయ్యొచ్చు, పాలిష్ అయిన కేసుకి పోయిన లోహం వెనక్కి రాదు. ఈ మధ్య లేజర్ వెల్డింగ్‌తో లోహం నింపి, మళ్ళీ పదును చెక్కేవాళ్ళున్నారు. పని అద్భుతంగా ఉంటుంది, కానీ అది మరమ్మతే. అమ్మేటప్పుడు చెప్పి తీరాలి, చెప్పకపోతే మోసం.

పాత రోలెక్స్ అయితే పట్టీ తీయించి చూడండి, ఒక వైపు లగ్స్ మధ్య మోడల్ నంబరు, రెండో వైపు సీరియల్ నంబరు చెక్కి ఉంటాయి. అవి నిండుగా చదవగలిగేలా ఉండాలి. సీరియల్ చెప్పే కాలం, డయల్ మీది పూత కాలం, మిషన్ కాలం, మూడూ ఒకే మాట చెప్పాలి.

ఐదో అడుగు: చిన్న ముక్కల ధర విడిగా కట్టండి

కొత్తవాళ్ళకి ఇక్కడే కళ్ళు తిరుగుతాయి. ఒమేగా స్పీడ్‌మాస్టర్ తీసుకోండి, చంద్రుడి మీదికి వెళ్ళిన రకం. దాని చుట్టూ ఉండే నల్ల అల్యూమినియం రింగు మీద 90 అంకె దగ్గర చిన్న చుక్క ఉంటుంది. 1970కి ముందు వాటిలో చుక్క అంకెకి పైన ఉంటుంది, తర్వాత వాటిలో పక్కన ఉంటుంది. ఆ చుక్క పైన ఉన్న రింగు ఒక్కటే, చొట్టలు పడి వెలిసిపోయినది కూడా, వెయ్యి డాలర్లు దాటడం మామూలే. అంటే నడవని, అద్దం పగిలిన స్పీడ్‌మాస్టర్ ఎవరైనా "తుక్కు" ధరకి ఇస్తానంటే ముందు చూడాల్సింది ఆ చుక్కే.

ఇంకా విచిత్రం మొదటి తరం జీఎంటీ-మాస్టర్ 6542. దాని బెజెల్ బేకలైట్‌తో చేశారు, పెళుసు, పైగా అంకెల్లో రేడియోధార్మిక పదార్థం ఉండేది. అమెరికాలో అణుశక్తి కమిషన్ జోక్యం చేసుకుని వాటిని వెనక్కి పిలిపించింది, రోలెక్స్ లోహపు బెజెల్స్ వేసి ఇచ్చింది. ఫలితంగా ఇప్పుడు పగుళ్ళు పడిన అసలు బేకలైట్ బెజెల్ ఉన్న వాచీ, చక్కటి లోహపు బెజెల్ ఉన్న వాచీ కన్నా చాలా ఎక్కువ పలుకుతుంది. పగిలిందే ముద్దు.

అద్దం, పట్టీ పిన్నులు, రబ్బరు సీళ్ళ గురించి మాత్రం టెన్షన్ పడకండి. అవి అరిగిపోయేవే, మార్చేవే. కీ ఇచ్చే బుడిపె మీద కంపెనీ గుర్తు ఆ కాలానిదే అయితే మంచిది, కాకపోతే ధరలో కొంచెం తగ్గించుకుని ముందుకెళ్ళండి.

ఆరో అడుగు: మూత విప్పించండి

మూత విప్పనివ్వని అమ్మకందారు దగ్గర కొనకండి, ఈ విషయంలో మొహమాటం వద్దు. లోపల మూడు చూస్తే చాలు. మిషన్ ఆ మోడల్‌కి రావలసినదేనా (స్పీడ్‌మాస్టర్ అయితే 1968 ప్రాంతం దాకా క్యాలిబర్ 321, తర్వాత 861, క్యాలిబర్ అంటే మిషన్ రకం). స్క్రూ తలలు చితికి ఉన్నాయా, అంటే చేతకాని చెయ్యి పడిందా. తుప్పు ఉందా, ఉంటే ఎక్కడ. కీ కాడ దగ్గర కొద్దిగా ఎర్రదనం పర్వాలేదు. చక్రాల ఇరుసుల మీద, స్ప్రింగు మీద తుప్పు ఉంటే బాగుచేయించే ఖర్చుకి అంతుండదు. మామూలు మిషన్ అయితే ఇంకో పాడైన వాచీ నుంచి ముక్కలు తెచ్చుకోవచ్చు, అరుదైన క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచీ కూడా ఉన్న వాచీ) అయితే ముక్కల కోసం ఏళ్ళ తరబడి వెతకాలి.

ఏడో అడుగు: కథ ఉందా, కథకి కాగితం ఉందా

ఇప్పటిదాకా చెప్పిన సూత్రాలన్నీ పక్కకి పోయే చోటు ఇది. 1912లో టైటానిక్‌తో పాటు మునిగిన సైనై కాంటర్ అనే రష్యన్ ప్రయాణికుడి జేబు గడియారం 2018లో అమెరికాలో హెరిటేజ్ వేలంలో 57,500 డాలర్లకు పోయింది. వెండి పూసిన ఇత్తడి కేసు, హీబ్రూ అక్షరాల డయల్. ఉప్పునీళ్ళకి ముళ్ళు పాడైపోయి, డయల్ మరకలు కట్టి, లోపలంతా తుప్పు. వాచీగా దాని విలువ దాదాపు సున్నా. హిరోషిమా శిథిలాల్లో దొరికిన, అద్దం మసకబారి 8:15 దగ్గర ఆగిపోయిన చేతి వాచీ 2024లో 31 వేల డాలర్లు దాటింది. ఈ రెండు చోట్లా దెబ్బే అసలు సరుకు. శుభ్రం చేస్తే విలువ పోతుంది, నడిపిస్తే ఇంకా పోతుంది.

హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ సొంత రోలెక్స్ డేటోనా సంగతి కూడా చెప్పుకోవాలి. వెనక మూత మీద ఏదైనా చెక్కి ఉంటే మామూలుగా ధర పడిపోతుంది. ఆ వాచీ వెనక "జాగ్రత్తగా నడుపు, ఇట్లు నేను" అనే అర్థంలో ఆయన భార్య చెక్కించిన మాటే దాన్ని 2017లో 1,77,52,500 డాలర్ల దాకా తీసుకెళ్ళిన సాక్ష్యాల్లో ఒకటి. ఎవరు చెక్కించారో, ఎవరికి ఇచ్చారో, తర్వాత ఎవరి దగ్గరుందో అంతా తెలుసు కాబట్టి.

మీ తాతగారి వాచీకి ఈ సూత్రం ఎంతవరకు పనికొస్తుంది? సైన్యంలోనో రైల్వేలోనో ఇచ్చిన వాచీ అయి, వెనక శాఖ గుర్తులు ఉండి, ఆయన సర్వీసు కాగితం, వాచీ పెట్టుకున్న ఫోటో ఉంటే పనికొస్తుంది. "మా తాతకి ఒక దొర ఇచ్చాడు" అనే మాట ఒక్కటే ఉంటే రూపాయి కూడా అదనంగా రాదు. కథ నిజమే కావచ్చు, కొనేవాడికి కావలసింది రుజువు. కంపెనీల రికార్డులూ అడిగి చూడండి. పాటెక్ ఫిలిప్, లాంజీన్ లాంటివి తమ పాత రికార్డుల నుంచి వివరాలు ఇచ్చే ఏర్పాటు పెట్టుకున్నాయి. రోలెక్స్ అలా ఇవ్వదు.

ఎనిమిదో అడుగు: దెబ్బని కూడా తయారుచేస్తారని గుర్తుంచుకోండి

గోధుమ డయల్‌కి లక్షలొస్తాయని తెలిశాక ఊరుకుంటారా? డయళ్ళని ఓవెన్‌లో కాల్చేవాళ్ళు, యూవీ దీపాల కింద ఎండబెట్టేవాళ్ళు, బెజెల్‌ని బ్లీచ్‌లో ముంచి వెలిసిపోయినట్టు చేసేవాళ్ళు ఉన్నారు. వేరు వేరు వాచీల ముక్కలతో ఒకటి కట్టి అమ్మే పద్ధతికి ఫ్రాంకెన్ వాచీ అని పేరు.

ఇది చిల్లర మోసగాళ్ళ పనే అనుకోకండి. 2021 నవంబరులో జెనీవాలో ట్రాపికల్ డయల్ ఉన్న మొదటి తరం ఒమేగా స్పీడ్‌మాస్టర్ ఒకటి, రెఫరెన్స్ (మోడల్ నంబరు) 2915-1, 31,15,500 స్విస్ ఫ్రాంకులకి అమ్ముడుపోయి రికార్డు కొట్టింది. కొన్నది ఒమేగా కంపెనీయే, తన మ్యూజియం కోసం. 2023లో అదే ఒమేగా, ఆ వాచీ ముక్కలు అతికించి కట్టినదనీ, ఇందులో తమ పాత ఉద్యోగుల హస్తం ఉందనీ బయటపెట్టింది. తయారుచేసిన కంపెనీనే తన వాచీ విషయంలో బోల్తా కొట్టించగలిగారు.

కాబట్టి ఏం చూడాలి? అన్ని ముక్కలూ ఒకే జీవితం గడిపాయా అని చూడాలి. డయల్ బాగా ఎండకి కాలి ఉండి బెజెల్ కొత్తగా ఉంటే, పూత పండి ముళ్ళ లోహం తళతళలాడుతూంటే, కేసు పదునుగా ఉండి వెనక మూత మాత్రం అరిగి ఉంటే, ఎక్కడో కలవట్లేదు. నిజంగా ముట్టని వాచీలో ముసలితనం అన్ని చోట్లా ఒకే పాళ్ళలో ఉంటుంది.

మన దేశంలో దీనికి ఇంకో రూపం ఉంది, కలెక్టర్లు "ముంబై స్పెషల్" అంటారు. పాత హెచ్ఎంటీ, ఫావ్ర్-లూబా, వెస్ట్ ఎండ్, సీకో వాచీల కేసుల్ని గట్టిగా పాలిష్ చేసి, డయల్ మీద కొట్టొచ్చే రంగులేసి, దొరికిన ముళ్ళు తగిలించి ఆన్‌లైన్‌లో విదేశాలకి కూడా అమ్ముతుంటారు. 1970ల నాటి వాచీకి ఆకుపచ్చో నారింజో డయల్, దాని మీద కొత్త సైన్‌బోర్డు అంత తాజా అక్షరాలు కనిపిస్తే ఇక లూప్ తీయనక్కర్లేదు. సరదాగా పెట్టుకోవడానికి తక్కువ ధరకి తీసుకుంటే తప్పేం లేదు, పాత అసలు వాచీ అనుకుని కొంటేనే తప్పు.

తొమ్మిదో అడుగు: లెక్క కట్టడం

ముందు అదే మోడల్ మంచి స్థితిలో ఎంతకి *అమ్ముడుపోయిందో* చూడండి. అడుగుతున్న ధర కాదు, వేలం ఫలితాల పేజీలో ఉండే ధర. అందులోంచి కాలానికి తగిన ముక్కలు వెతికి వేయించే ఖర్చు, సర్వీసు ఖర్చు, మీరు చూడలేకపోయిన దెబ్బల కోసం ఇంకొంత తీసెయ్యండి. తర్వాత ఒక ప్రశ్న: ఇలాంటిదే ఇంకా మంచిది దొరుకుతుందా?

అంతా ఈ ప్రశ్న మీదే ఉంది. మంచిది సులువుగా దొరికే మోడల్ అయితే పాడైనదానికి ఎవరూ డబ్బు పెట్టరు. దొరకనిదైతే పాడైనది కూడా మంచిదాని ధరలో చెప్పుకోదగ్గ వాటా పలుకుతుంది. హెచ్ఎంటీ జనతానే చూడండి. బెంగళూరులో 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో మొదలైన హెచ్ఎంటీ వాచీలు తెలుగు ఇళ్ళల్లో పెళ్ళికొడుకు చేతికి, ఉద్యోగంలో చేరిన కొడుకు చేతికి ఎన్ని చేరాయో చెప్పలేం. జనతా చక్కగా ఉన్నవే తక్కువ ధరకి దొరుకుతాయి, కాబట్టి తుప్పు పట్టిన జనతాకి మార్కెట్లో ఏమీ రాదు, ఇంట్లోవాళ్ళకి తప్ప. అదే కంపెనీ పైలట్, సైన్యానికి ఇచ్చిన గుర్తులున్నవి, డయల్ ముట్టనివి అయితే గీతలున్నా అడిగేవాళ్ళుంటారు.

హైదరాబాద్ ఆల్విన్ సంగతి వేరు. ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు చేసిన ఆ కంపెనీ 1980ల్లో సీకో సాంకేతిక సాయంతో వాచీలు కూడా చేసింది. ఇప్పుడు కంపెనీయే లేదు. అంతర్జాతీయ వేలాల్లో వీటికి గిరాకీ లేదు, రేపు వస్తుందని ఆశ పెట్టడం కూడా సరికాదు. కానీ డయల్ మీద ఆల్విన్ పేరు చెక్కుచెదరకుండా ఉన్నవి హైదరాబాద్ వాళ్ళకి కావాలి, అందుకని మీ దగ్గరుంటే రంగు వేయించి పాడుచేయకండి.

అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్నవాళ్ళకి ఎస్టేట్ సేల్స్ మంచి చోటు, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సొరుగులో ఉన్నది ఉన్నట్టు బయటికొస్తుంది, డీలరు చెయ్యి పడదు. ఇండియాకి తెప్పించుకోవాలంటే మాత్రం సుంకం ఒక్కటే కాదు, వాడిన వస్తువుల దిగుమతి మీద ఆంక్షలు కూడా ఉన్నాయి. డబ్బు పంపకముందే కస్టమ్స్ ఏజెంట్‌ని అడగండి.

పదో అడుగు: కొన్నాక, లేదా బీరువాలో దొరికాక

వెంటనే కీ ఇచ్చి తిప్పకండి. ఎండిపోయిన నూనెతో నడిపిస్తే ఇరుసులు అరుగుతాయి. బట్టతో రుద్దకండి, డయల్‌కి గాలి కూడా ఊదకండి. ముందు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి పెట్టుకోండి.

రిపేరుకి ఇచ్చేటప్పుడు నోటిమాట మీద వదిలెయ్యొద్దు, చీటీ మీద రాసివ్వండి: మిషన్ శుభ్రం చేసి నూనె పెట్టడం మాత్రమే, కేసు పాలిష్ వద్దు, డయల్‌నీ ముళ్ళనీ ముట్టొద్దు, ఏ ముక్క మార్చినా పాతది వెనక్కి ఇవ్వాలి. మన వాచ్ మెకానిక్‌లు చాలామంది ప్రేమతోనే పాలిష్ పెట్టేస్తారు, "మెరవకుండా ఇస్తే కస్టమర్ ఏమంటాడో" అని. వాళ్ళని తప్పుపట్టలేం, ఎప్పుడూ అందరూ అడిగేది అదే మరి. మీరు వద్దని గట్టిగా చెప్పాలి, రెండుసార్లు చెప్పాలి. కంపెనీ సర్వీసు సెంటర్‌కి పంపితే ఇంకా జాగ్రత్త, పాత డయల్ తీసేసి లూమినోవా ఉన్న కొత్త సర్వీసు డయల్ వేసి, ముళ్ళు మార్చి, కేసు మెరిపించి పంపుతారు. వాళ్ళ లెక్కలో అది మంచి సేవ, మీ లెక్కలో సగానికి పైగా విలువ పోయినట్టు. పాలిష్, డయల్ మార్పు వద్దని ముందే రాతలో ఒప్పించుకోండి, ఒప్పుకోకపోతే వాచీ వెనక్కి తెచ్చుకుని, పాత వాచీలే చూసే స్వతంత్ర మెకానిక్‌ని వెతుక్కోండి.

అమ్మాలనుకుంటే శుభ్రం చేయకుండా, ఉన్నది ఉన్నట్టు ఫోటోలు పంపి రెండు మూడు వేలం సంస్థల అంచనా అడగండి. వార్తల్లో వచ్చే ధర అమ్మినవాడి చేతికి రాదని కూడా తెలుసుకోండి. పాల్ న్యూమన్ డేటోనాకి సుత్తి పడింది, అంటే వేలం పాట ఆగింది, 1 కోటి 55 లక్షల డాలర్ల దగ్గర, మిగతాది కొనేవాడు సంస్థకి కట్టిన ప్రీమియం. ఆ సుత్తి ధరలోంచి కూడా అమ్మినవాడి కమీషన్, బీమా, ఫోటోల ఖర్చు లాంటివి తీసుకోవచ్చు, కాబట్టి ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఆ మూడూ ఎంతెంతో, వాచీ అమ్ముడుపోకపోతే వెనక్కి పంపే ఖర్చు ఎవరిదో అడిగి రాయించుకోండి.